ఏనుగుబండ మీదుగా

కిష్టయ్యకు మాట్లాడే జబ్బు ఉండేది. దానికి జబ్బు అని పేరు పెట్టింది ఆయన భార్య మల్లమ్మే. చేతిలో సుత్తి ఉన్నా, నోట్లో ముద్ద ఉన్నా, పక్కన ఎవరో ఒకరు ఉండాలి, వాళ్లకు ఏదో ఒకటి చెబుతూ ఉండాలి. కొండాపూర్‌లో రాళ్లు కొట్టుకుని బతికిన రోజుల్లో దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు దొరికితే చాలు, అందులో ఒక మాట దూర్చేవాడు. “జర ఊపిరి తీస్కోరాదు. నీకు కాకున్నా ఇనెటోళ్లకు అలుపొస్తది గదా” అని మల్లమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే వినేది.

అలాంటి మనిషికి వినేవాళ్లు లేకుండా పోయారు. మొదట మల్లమ్మ పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకెళ్తే మళ్లీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత ఊరు పోయింది. ఊరు ఎక్కడికీ కదల్లేదు గానీ ఊళ్లో మనుషులే కదిలారు. చేను అమ్మినవాడు పటాన్‌చెరు అవతలికి వెళ్లాడు, ఇల్లు అమ్మినవాడు శంకర్‌పల్లి దిక్కు వెళ్లాడు. కిష్టయ్యకు అమ్మడానికి చేను లేదు, రెండు గదుల ఇల్లు విడిచిపెట్టడానికి మనసు లేదు. సాయంత్రం గడప ముందు కూర్చుంటే ఎదురుగా పోయేవన్నీ సిమెంటు లారీలే. లారీలకు ఏం చెబుతాడు?

కూతురు రేఖ జీడిమెట్లలో ఉండేది. “నాయినా, గాడ ఒక్కనివి ఏం జేస్తవ్, మా తాన ఉండు” అని బతిమాలి తీసుకెళ్లింది. వారం తిరక్కముందే వచ్చేశాడు. మందుల కంపెనీల వాసనకు నిద్ర పట్టడం లేదని అందరికీ చెప్పాడు. అసలు సంగతి వేరు. అల్లుడికి రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఆ ఇంట్లో గొంతు విప్పడానికి లేదు. ఇక్కడైతే వినేవాళ్లు లేకపోయినా నోరు తన సొంతం.

ఊరికి అవతల బండరాళ్ల మధ్య ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అందులో ఆయన తోటపనికి కుదిరాడు. మొక్కలకు నీళ్లు పోస్తూ వాటితోనే నాలుగు మాటలు చెప్పుకునేవాడు. చూసినవాళ్లు నవ్వేవారు. నవ్వనీ, ఏం పోయింది, వాటికి చెవులు లేకపోయినా లేచి వెళ్లిపోయే కాళ్లు కూడా లేవు కదా.

ఆ రోజుల్లో, అంటే తొంభై ఏడు వానాకాలంలో, విశ్వవిద్యాలయం వాళ్లు చూపు లేని విద్యార్థుల కోసమని ఒక విభాగం తెరిచారు. ఢిల్లీలో చట్టమైతే వచ్చింది కానీ, దానికి తగ్గ సరంజామా రావడానికి ఇంకా ముహూర్తం కుదరలేదు. ఉన్నదల్లా ఒక గది, ఒక బీరువా, పాఠాలు రికార్డు చేసి ఇవ్వడానికి ఒక టేప్ రికార్డరు. వాటికి తోడు ఒక మనిషి కావాలని ఆ విభాగం చూసే లక్ష్మీనారాయణ అనుకున్నాడు. ఆయన కిష్టయ్యను పిలిపించి సంగతి చెప్పాడు.

“కిష్టయ్యా, కోస్తా నుంచి ఒక పిలగాడు వచ్చిండు, ఎమ్మే చదవనీకి. కండ్లు కనబడవు. పొద్దుగాల హాస్టల్ నుంచి క్లాసుకు తోల్కపోవాలె, సాయంత్రం మళ్ల హాస్టల్ల దిగబెట్టాలె. ఆయనకు చూపు లేదు, నీకు నోటికి తాళం లేదు. జోడీ మంచిగ కుదుర్తది.”

ఆ పిల్లవాడి పేరు రవికిరణ్. పాలకొల్లు వాడు. పద్నాలుగేళ్లు వచ్చేదాకా అందరిలాగే చూశాడు, తర్వాత ఏదో జబ్బు చేసి రెండు కళ్లూ పోయాయి. తల్లి చదివి వినిపిస్తుంటే ఇంట్లోనే ఉండి బీఏ దాకా నెట్టుకొచ్చాడు. పుట్టి పెరిగిన సందుల్లో కర్రతో పని పడలేదు కాబట్టి కర్ర పట్టి నడవడం ఎవరూ నేర్పలేదు. అన్నయ్య తీసుకొచ్చి హాస్టల్లో దింపి, పెట్టె సర్ది, ఆ సాయంత్రం బండికే వెళ్లిపోయాడు.

మొదటి రోజు కిష్టయ్య వెళ్లి అతని మణికట్టు పట్టుకుని, దూడను సంతకు లాక్కెళ్లినట్టు గుంజాడు. రవికిరణ్ ఆగిపోయాడు.

“అలా కాదండి. మీరు నన్ను పట్టుకోకండి. నేనే మీ భుజం మీద చెయ్యి వేస్తాను. మీరు మామూలుగా నడవండి, చాలు.”

చెయ్యి వేశాడు. రాళ్లు మోసి మోసి మొద్దుబారిన భుజం అది. మల్లమ్మ పోయాక ఇంకో మనిషి చెయ్యి కిష్టయ్య ఒంటి మీద పడటం అదే మొదటిసారి. ఆ సంగతి ఆయనకు అప్పటికప్పుడే తెలిసింది. కాసేపు నోట మాట రాలేదు. కిష్టయ్యకు మాట రాకపోవడమంటే మామూలు సంగతి కాదు.

హాస్టల్ నుంచి రవికిరణ్ చదివే చరిత్ర శాఖకు తిన్నగా ఒక రోడ్డుంది. బీడీ ముట్టించుకుని బయల్దేరితే అది ఆరకముందే చేరేంత దూరం. అయితే ఆ వానాకాలం టెలిఫోను కేబుళ్ల కోసం దాన్ని నిలువునా తవ్విపెట్టారు. గోతుల్లో మోకాలి లోతు నీళ్లు. అందుకని కిష్టయ్య చుట్టుదారి పట్టించాడు. హాస్టల్ వెనక నుంచి ఏనుగుబండ దాకా వెళ్లి, అక్కణ్నుంచి వాననీటి కుంట పక్కగా, సీతాఫలం పొదల మధ్య నుంచి శాఖ వెనక గుమ్మానికి చేరే దారి అది. ఏనుగు పడుకున్నట్టుంటుందని ఆ బండకు ఆ పేరు. అప్పటికి ఆయన చేసిన దాంట్లో తప్పేమీ లేదు, కళ్లు లేనివాణ్ని గోతులకు దూరంగా నడిపించాడు, అంతే.

ఆ దారి పొడుగునా రవికిరణ్ అడిగేవాడు, కిష్టయ్య చెప్పేవాడు. ఊరికే చెబితే ఆ పిల్లవాడు ఊరుకునేవాడు కాదు. “పచ్చగా ఉందంటే ఏ పచ్చండీ? చిలకపచ్చా, పెసరపచ్చా?” అని నిలదీసేవాడు. కిష్టయ్య ఆగి, వెనక్కి తిరిగి, చూసి మరీ చెప్పాల్సి వచ్చేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న బండల మీద ఎన్ని రంగులున్నాయో ఆయనకు అప్పుడు తెలిసింది. వాన వెలిశాక ఏనుగుబండ వీపు బెల్లం రంగుకు తిరుగుతుందని, తంగేడు పువ్వు ఎండలో ఒక పసుపు, మబ్బులో ఒక పసుపు అని పిల్లవాడి కోసం కనిపెట్టాడు.

ఏనుగుబండ ఎక్కితే మాదాపూర్ దిక్కున హైటెక్ సిటీ అని కడుతున్న గుండ్రటి బిల్డింగు కనిపించేది. రోజూ బండ దగ్గర కాసేపు ఆగి ఆ సంగతి చెప్పుకోవడం ఇద్దరికీ అలవాటైంది. “ఇయ్యాల ఇంకో స్లాబు పోస్తున్రు. క్రేను మెడ మా ఊరి దిక్కు తిప్పింది” అని కిష్టయ్య అంటే, రవికిరణ్ బండకు చెయ్యి ఆనించి ఆ దిక్కు మొహం పెట్టేవాడు. చలికాలం వచ్చేసరికి ‘కిష్టయ్యగారు’ పోయి ‘బాబాయ్’ వచ్చింది, ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది.

కానీ ఆ చలికాలం కంటే ముందే, దసరా ఇంకా రాకముందే, తిన్నటి రోడ్డు మీద గోతులు పూడ్చేశారు. పైన తారు కూడా పోశారు. పొద్దున హాస్టల్ ముందుకు రాగానే కిష్టయ్య చూశాడు. పిల్లలంతా ఆ రోడ్డు మీదే సైకిళ్లు తొక్కుకుంటూ వెళ్తున్నారు. రవికిరణ్‌కు చెబుదామనే నోరు తెరిచాడు. ఈలోగా భుజం మీద చెయ్యి పడింది. “కుంట దగ్గరికి నెమళ్లు ఇవాళ కూడా వచ్చి ఉంటాయా?” అని పిల్లవాడు అడిగాడు. కిష్టయ్య కాళ్లు హాస్టల్ వెనక్కి తిరిగాయి. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు వాయిదాలు పడుతూనే పోయింది.

తిన్నగా వెళ్తే మాట మొదలయ్యేలోపే శాఖ వచ్చేస్తుంది. చుట్టు తిరిగితే, పొద్దునా సాయంత్రం కలుపుకుని, ఒక మనిషి బతకడానికి సరిపడా మాటలు దొరుకుతాయి. కిష్టయ్య లెక్క అది. మిగతా రోజంతా ఆయనతో ఎవరూ మాట్లాడేవారు కాదు మరి. ఇంటికి వెళ్తే “తిన్నవా” అని అడిగేవాళ్లు లేరు. ఆయన్ని వెనకేసుకు రావడానికి కాదు గానీ, ఆ ఇంటి గడప ముందు ఒక్క సాయంత్రం కూర్చుని చూస్తే ఎవరికైనా ఆ లెక్క అర్థమవుతుంది.

అయితే లెక్కకు రెండో వైపు ఒకటుంది, దాన్ని ఆయన చూడలేదు. చూడకూడదనే చూడలేదేమో. రవికిరణ్ తోటి విద్యార్థి మధుకర్ అని, నల్గొండ పిల్లవాడు ఉండేవాడు. ఒక సాయంత్రం వీళ్లు వెనక గుమ్మంలోంచి బయటికొస్తుంటే ఎదురొచ్చాడు.

“ఏంది రవీ, ఇటునుంచి ఎందుకు పోతున్నవ్? ముందటి నుంచి దగ్గర గదా. మాతోని రా, చాయ్ తాగి పోదం.”

రవికిరణ్ ఇంకా నోరు విప్పలేదు, కిష్టయ్యే అందుకున్నాడు. “అటు తొవ్వ మంచిగ లేదు సారూ. తవ్వి పెట్టిన్రు. బాబు పడ్తడు.”

మధుకర్ ఆ రోడ్డు మీదనుంచే వచ్చాడు. అయినా వాదించలేదు. చూపున్నవాళ్లకు బాగున్న రోడ్డు చూపు లేనివాళ్లకు బాగుండదేమో, ఈ పెద్దాయనకు ఆ పని తెలుసు కదా అనుకున్నాడు. మిగిలినవాళ్లు కూడా అలాగే అనుకున్నారు. రవికిరణ్‌కు ఒంటరిగా, పొదల్లో ముసలాయనతో తిరగడమే ఇష్టమని, మనం అడ్డుపడకూడదని మర్యాదగా తప్పుకున్నారు. మర్యాదస్తులు చేసే పనులే ఒక్కోసారి ఇలా ఏడుస్తాయి.

సాయంత్రం హాస్టల్ గదిలో దిగబెట్టి కిష్టయ్య వెళ్లిపోయాక రవికిరణ్ తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేవాడు. లైబ్రరీకి వెళ్లాలంటే మళ్లీ బండలూ కుంటా పొదలూ దాటాలి, అంత దూరం ఎవరిని తీసుకెళ్లమని అడుగుతాడు? టేప్ రికార్డరులో పాఠం పెట్టుకుని, అది అయిపోతే మళ్లీ మొదటికి తిప్పుకుని వినేవాడు. పక్క గదుల్లో నవ్వులు వినిపించేవి. నన్ను పిలవరులే అనుకుని టేపు గట్టిగా పెట్టేవాడు. తల్లికి ఫోను చేసినప్పుడు మాత్రం ఇక్కడ అందరూ బాగా చూసుకుంటున్నారని చెప్పేవాడు.

రెండో ఏడు చలికాలం మొదట్లో గుండ్రటి బిల్డింగు ప్రారంభోత్సవం అయింది. మెస్సులో టీవీ వార్తల్లో రవికిరణ్ విన్నాడు. మర్నాడు బండ దగ్గర కిష్టయ్య మామూలుగా, “ఇయ్యాల పై స్లాబుకు సెంట్రింగు కొడ్తున్రు” అన్నాడు. కట్టడం అయిపోతే చెప్పడానికి ఏముంటుందని, ఆయన దాన్ని ఆగకుండా కట్టుకుంటూ పోతున్నాడు.

“ప్రారంభోత్సవం అయిపోయిందంటగా బాబాయ్! నువ్వింకా కడుతూనే ఉంటే ఆకాశానికి చిల్లు పడదూ?”

“గది వేరే బిడ్డా. దాని పక్కపొంటి ఇంకోటి లేపుతున్రు” అని కిష్టయ్య తడుముకోకుండా అనేశాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. రవికిరణ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వింటూ కిష్టయ్య కూడా నవ్వాడు గానీ, ఆ సాయంత్రం బండ దగ్గర ఆగకుండానే పిల్లవాణ్ని దాటించేశాడు. పట్టుబడబోయే మనిషికి ముందే తెలుస్తుంది.

సంక్రాంతి సెలవులయ్యాక విభాగానికి జయంతి మేడమ్ వచ్చింది. చూపు లేనివాళ్లకు కర్రతో నడక నేర్పించడంలో డెహ్రాడూన్‌లో శిక్షణ తీసుకున్న మనిషి. వచ్చీ రాగానే తెల్ల కర్ర ఒకటి తెప్పించి, కిష్టయ్యను పిలిచింది.

“కిష్టయ్యగారూ, ఇన్నాళ్లూ చాలా శ్రద్ధగా చూసుకున్నారని విన్నానండి. ఇకమీదట అతను సొంతంగా నడవాలి. మన పని అదే కదండీ, మన అవసరం లేకుండా చెయ్యడం. రేపు పొద్దున మీరు రోజూ తీసుకెళ్లే దారి నాకు చూపించండి. అక్కణ్నుంచే మొదలుపెడదాం.”

కిష్టయ్య తల ఊపి బయటికొచ్చాడు. మన అవసరం లేకుండా చెయ్యడం. వినడానికి ఎంత చల్లటి మాట! ఆమె తప్పేమీ అనలేదు. అన్నది న్యాయమే. కానీ న్యాయమైన మాటకు కూడా మనిషి నిలువునా నీరైపోతాడని ఆయనకు ఆ రోజే తెలిసింది. రేపు ఆమె అడిగేలోపే, పొద్దున్నే వెళ్లి పిల్లవాడికి అంతా చెప్పేస్తానని నిశ్చయించుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో, ఏ మాట తర్వాత ఏ మాటో దారి పొడుగునా అనుకుంటూ ఇంటికి వెళ్లాడు. మర్నాడు రోజూ కంటే ముందే హాస్టల్‌కు వచ్చాడు.

గది తాళం వేసి ఉంది. కిష్టయ్య వచ్చేలోపు కర్ర పట్టడం చూపిస్తానంటూ మేడమ్ ఇంకా ముందు వచ్చి తీసుకెళ్లిందని వాచ్‌మన్ చెప్పాడు. కిష్టయ్య తిన్నటి రోడ్డు మీద పరిగెత్తాడు. శాఖ మెట్ల దగ్గరికి వచ్చేసరికి వాళ్లిద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. రవికిరణ్ చేతిలో కర్ర ఉంది. మొహంలో సంతోషం ఉంది, అనుమానం ఉంది.

“అప్పుడే వచ్చేశామా? ఇది మా శాఖేనా?”

“మీ శాఖేనండీ. ఎంత దూరమని, ఎదురుగానేగా” అంది జయంతి.

“మరి గోతులు తగల్లేదేం?”

“గోతులా? ఈ రోడ్డు మీద గోతులెక్కడివండీ, చక్కగా తారు పోసి ఉంటే!”

రవికిరణ్ కర్రతో కింద మెల్లగా కొట్టి చూశాడు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. తర్వాత తల పక్కకు తిప్పాడు. పరిగెత్తి వచ్చి రొప్పుతున్న మనిషి ఎవరో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఏడాదిన్నరగా ఆ ఊపిరి వెనకే నడిచాడు.

“గోతులు ఎప్పుడు పూడ్చారు?” అని అడిగాడు.

కిష్టయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“చెప్పండి.”

“మొదటి యేడు… దసరాకు ముందట.”

జయంతికి సంగతి సగమే అర్థమైంది. అయినా తెలివైన మనిషి కాబట్టి, క్లాసు గది తెరిచారేమో చూస్తానని లోపలికి వెళ్లిపోయింది. మెట్ల దగ్గర ఇద్దరే మిగిలారు. రవికిరణ్ అరవలేదు. అరిచినా బాగుండేది.

“నేను రోజూ సాయంత్రం ఆ గదిలో కూర్చుని ఏమనుకునేవాణ్నో తెలుసా? గుడ్డివాడితో ఎందుకొచ్చిన గొడవని నన్నెవరూ పిలవట్లేదు అనుకునేవాణ్ని. లైబ్రరీ ఇక్కడే ఉంది. టీ బండి ఇక్కడే ఉంది. అందరూ ఇక్కడే ఉన్నారు. నేనొక్కణ్నే ఎక్కడో దూరంగా ఉన్నాననుకున్నాను.”

“తప్పయింది బిడ్డా.” కిష్టయ్య దగ్గరికి ఒక అడుగు వేశాడు. రాత్రి కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. “ఇంట్ల పలకరించెటోళ్లు లేరు. ఊర్ల లేరు. దినమంత నీతోని మాట్లాడేదే మాట. దగ్గరి తొవ్వల పోతే అది గుడ ఉండది గదా అని… నాకు ఎవ్వరు లేరు బిడ్డా.”

“నాకు మాత్రం ఎవరున్నారండీ?” అన్నాడు రవికిరణ్.

మాటలకు ఎన్నడూ కొరత లేని మనిషి నిలబడి నేల చూశాడు. రవికిరణ్ కర్ర ఆనించుకుని మెట్టు ఎక్కాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, “రేపటి నుంచి మీరు రానక్కర్లేదు కిష్టయ్యగారూ” అన్నాడు. గారు అన్న మాట అంత బరువుగా ఉంటుందని కిష్టయ్యకు అంతవరకు తెలియదు.

మళ్లీ తోటపనికి వెయ్యమని లక్ష్మీనారాయణను తానే అడుక్కున్నాడు. ఆయన కారణం అడగలేదు, జయంతి చెప్పే ఉంటుంది. తిట్టలేదు కూడా. నీళ్ల పైపు చేతికిచ్చి, చరిత్ర శాఖకు దూరంగా ఉన్న చెట్లు చూసుకోమన్నాడు.

దూరమైనా కనిపించేది. రవికిరణ్ మొదట్లో గోడ పక్కనే తడుముకుంటూ నడిచాడు. రెండుసార్లు పొదలో చిక్కుకున్నాడు. కిష్టయ్య పైపు వదిలేసి రెండడుగులు పరిగెత్తి, ఆగిపోయాడు. మాఘమాసం వెళ్లేసరికి ఆ కర్ర రోడ్డు మీద చకచకా నడిచింది. తర్వాత్తర్వాత పక్కన మధుకర్ కనిపించాడు, ఇంకా ఇద్దరు ముగ్గురు కనిపించారు. టీ బండి దగ్గర అందరికంటే గట్టిగా నవ్వేది రవికిరణే. ఆ నవ్వు కిష్టయ్య ఉన్న చోటికి కూడా వినపడేది. వింటే ఆయనకు సంతోషమే వేసేది. గుండెల్లో రాయి పెట్టినట్టు కూడా ఉండేది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయని అడిగితే ఆయన చెప్పలేడు.

మధ్యాహ్నం సద్ది మూట పట్టుకుని ఏనుగుబండ దగ్గరికి వెళ్లి ఒక్కడే తినేవాడు. అలవాటుగా మాదాపూర్ దిక్కు చూసేవాడు. కొత్త బిల్డింగులు, కొత్త క్రేన్లు. నోటి దాకా వచ్చిన మాటను అన్నం ముద్దతో కలిపి మింగేసేవాడు. మొక్కలతో మాట్లాడటం కూడా మానేశాడు. మాట్లాడే జబ్బు నయమైందని మల్లమ్మ చూస్తే ఏడ్చేది.

ఎండలు ముదిరాయి, పరీక్షలు వచ్చాయి, అయిపోయాయి. ఒక సాయంత్రం పని దిగి కిష్టయ్య బండ నీడన కూర్చుని బీడీ వెలిగించాడు. సీతాఫలం పొదల వైపు నుంచి ఏదో చప్పుడు వచ్చింది. రాళ్ల మీద కర్ర కొట్టుకుంటున్న చప్పుడు. రవికిరణ్ ఒక్కడే వస్తున్నాడు. శాఖ వెనక గుమ్మంలోంచి బయల్దేరి, కుంట పక్కగా, ఆ పాత చుట్టుదారినే వస్తున్నాడు. ఆ దారి జయంతి మేడమ్ నేర్పలేదు.

కిష్టయ్య బీడీ నేలకు రాసి ఆర్పేశాడు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఏ మొహం పెట్టుకుని పలకరిస్తాడు? రవికిరణ్ దగ్గరికొచ్చి, చెయ్యి చాచి, బండ వీపు నిమిరాడు.

“బీడీ ఆర్పితే వాసన కూడా పోతుందనుకున్నావా బాబాయ్?”

కిష్టయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఉన్న బిడ్డా, ఈడనే ఉన్న” అన్నాడు.

రవికిరణ్ బండకు ఆనుకుని నిలబడ్డాడు. జరిగినదాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. క్షమించానని కూడా అనలేదు. “చెప్పు. ఏం కనబడుతోంది?” అన్నాడు.

కిష్టయ్య లేచి బండ ఎక్కి చూశాడు. ఈసారి ఏమీ కట్టలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. “గుండ్రంది ఎప్పుడో అయిపోయింది బిడ్డా. అద్దాల మీద ఎండ పడి మెరుస్తున్నది. తంగేడు పువ్వు రంగు, మబ్బు పట్టినప్పటిది గాదు, ఎండలది. దాని ఎనుక రెండు లేస్తున్నయ్. మా ఊరు కనబడ్తలేదు.”

“ఇదివరకు కనబడేదా?”

“మొదటి యేడు కనబడేది. మా ఇంటి కాడి యాపచెట్టు గుడ కనబడేది. నీకు ఎన్నడు చెప్పలే. ఇప్పుడు బిల్డింగులు అడ్డమొచ్చినయ్.”

గాలి వేడిగా కొట్టింది. కుంట ఎప్పుడో ఎండిపోయిందని, నెమళ్లు ఎటో వెళ్లిపోయాయని కిష్టయ్య చెప్పాడు. రవికిరణ్ వాచీ మూత తెరిచి ముళ్లు తడిమి చూసుకున్నాడు.

“రేపు నర్సాపురం బండికి పాలకొల్లు వెళ్లిపోతున్నాను బాబాయ్. హాస్టల్లో మధుకర్ వాళ్లు ఎదురు చూస్తుంటారు, నా కోసం ఏదో చేస్తున్నారట. ఇక్కణ్నుంచి హాస్టల్‌కి దగ్గరి దారి ఏది?”

కిష్టయ్య భుజం దానంతటదే కిందికి వంగింది, చెయ్యి వేసుకోవడానికి వీలుగా. నేనొస్త బిడ్డా, పా, అన్న మాట గొంతులో సిద్ధంగా ఉంది. ఆ పాత దారినే, హాస్టల్ వెనక నుంచి, మెల్లగా, ఇంకొక్కసారి. అడిగితే కాదనే పిల్లవాడు కాదు. కిష్టయ్య ఆ మాట మింగేశాడు. భుజం సర్దుకుని నిలబడ్డాడు.

“గీ బండ నీ కుడిచెయ్యికి తగుల్తుండాలె. బండ అయిపోంగనే కాళ్ల కింద కంకర వస్తది. కంకర మీదనే పో, యాడ తిరగకు. ముందట నీళ్ల మోటరు సప్పుడు ఇనబడ్తది. అది దాటితే మీ హాస్టల్ గేటే.”

“ఇంతేనా?”

“గంతే బిడ్డా. శానా దగ్గర.”

రవికిరణ్ చెయ్యి గాల్లో చాచాడు. కిష్టయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు, వదిలాడు. పిల్లవాడు బండ మీద కుడిచెయ్యి ఆనించి నడిచాడు. బండ అయిపోయింది, కంకర వచ్చింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. కర్ర చప్పుడు మోటరు చప్పుడులో కలిసిపోయేదాకా కిష్టయ్య అక్కడే నిలబడి విన్నాడు.

తర్వాత సద్ది మూట భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరాడు. తిన్నటి రోడ్డు మీదుగా వెళ్తే విశ్వవిద్యాలయం గేటు దగ్గరే. ఆయన సీతాఫలం పొదల మధ్య నుంచి, ఎండిన కుంట పక్కగా, చుట్టు తిరిగే వెళ్లాడు. ఇంట్లో తొందరేమీ లేదు.